మాడ్రిడ్ నుంచి లిస్బన్ ఎంత దూరం?

మాడ్రిడ్ నగరాన్ని కేంద్రంగా పెట్టుకుని పటం మీద సుమారు 500 కిలోమీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం గీస్తే, తూర్పున బార్సిలోనా, పడమర లిస్బన్ రెండూ దాదాపు ఆ గీత మీదే పడతాయి. నేరుగా కొలిస్తే బార్సిలోనా 505 కిలోమీటర్లు, లిస్బన్ 503 కిలోమీటర్లు ఉంటాయి. లెక్క ప్రకారం లిస్బనే ఒక పిసరు దగ్గర. అయితే ఉదయం ఏడింటికి మాడ్రిడ్‌లో రైలెక్కినవారు తొమ్మిదిన్నర ప్రాంతానికి బార్సిలోనాలో దిగి పనులు చూసుకోగలరు. లిస్బన్ వెళ్ళదలచుకున్నవారికి నేరుగా పోయే రైలే లేదు. రెండు మూడు రైళ్లు మారి, సరిహద్దు పట్టణంలో తర్వాతి బండి కోసం కాచుకుని, తొమ్మిది గంటలకు తక్కువ కాకుండా ప్రయాణం చేస్తే గాని టేగస్ నది ఒడ్డున ఉన్న ఆ నగరం కంటపడదు. పశ్చిమ ఐరోపాలో పక్కపక్కనే ఉన్న రెండు దేశాల రాజధానుల మధ్య, రెండూ ఒకే రోజున, అంటే 1986 జనవరి 1న, ఐరోపా ఆర్థిక సమాజంలో చేరిన దేశాల మధ్య, పరిస్థితి ఇది.

నేను లిస్బన్‌లో ఉంటాను. మా అక్క కుటుంబం మాడ్రిడ్ శివారులో ఉంటుంది. కాబట్టి ఈ దూరం నాకు పటం మీది అంకె కాదు. ప్రతి పండుగకూ, ప్రతి సెలవుకూ ఇంట్లో జరిగే చర్చ. ఆ చర్చల్లోంచే నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. ఈ రెండు నగరాల మధ్య ఉన్నది కొండలు, నదులు పెట్టిన దూరం కాదు. ఒక్కో ప్రభుత్వం తన సరిహద్దు దాకా ఆలోచించి ఆగిపోవడం వల్ల పుట్టిన దూరం. అందుకే దాన్ని తగ్గించడం సాంకేతిక నిపుణుల చేతిలో కంటే బడ్జెట్లు రాసేవారి చేతిలో ఎక్కువగా ఉంది.

ముందు బార్సిలోనా సంగతి చూద్దాం. హైస్పీడ్ మార్గం రాకముందు మాడ్రిడ్ నుంచి అక్కడికి రైల్లో ఆరేడు గంటలు పట్టేది. అందువల్ల వ్యాపారులు, ఉద్యోగులు విమానాన్నే నమ్ముకున్నారు. 1974లో మొదలైన షటిల్ విమానాలు, ముందుగా సీటు ఖాయం చేసుకోకుండానే వచ్చి ఎక్కిపోయే ఏర్పాటుతో, ఆ దారిని ప్రపంచంలోనే అత్యంత రద్దీ గల విమాన మార్గాల్లో ఒకటిగా మార్చాయి. 2008 ఫిబ్రవరి 20న 621 కిలోమీటర్ల హైస్పీడ్ రైలు మార్గం బార్సిలోనా చేరడంతో ప్రయాణ సమయం రెండున్నర గంటలకు దిగింది. 2021 నుంచి అదే పట్టాల మీద ఫ్రెంచ్, ఇటాలియన్ పెట్టుబడులున్న కంపెనీలు కూడా రైళ్లు నడపడం మొదలుపెట్టి టికెట్ ధరలు తగ్గించాయి. ఇప్పుడు ఆ రెండు నగరాల మధ్య విమానం రైలుకు చాలా వెనుకబడిపోయింది. ఇరవై ఏళ్ల కిందట ఎవరైనా ఇలా జరుగుతుందని చెబితే నమ్మేవారు కాదు. ఎందుకంటే ఆనాడు కూడా నిపుణులు అన్న మాట ఒకటే: విమానాలు ఉన్నాయి కదా, రైలెందుకు?

ఇక పడమటి దారి. దానికి చరిత్ర తక్కువేమీ కాదు. పోర్చుగల్ పట్టాలు 1863లోనే స్పెయిన్ సరిహద్దు పట్టణం బదాహోస్‌కు చేరాయి. 1881లో కాసెరెస్ మీదుగా దగ్గరి దారి తెరిచినప్పుడు ఆ ఉత్సవానికి ఇరు దేశాల రాజులు, అల్ఫోన్సో 12, లూయిష్ 1, స్వయంగా వచ్చారు. ఇరవయ్యో శతాబ్దంలో లుసితానియా పేరుతో రాత్రిపూట నడిచిన రైలు ఎన్నో తరాలను రెండు రాజధానుల మధ్య చేరవేసింది. రాత్రి పడుకుంటే తెల్లారి దిగవచ్చు. పది గంటల ప్రయాణమైనా అది నిద్రలో గడిచేది కాబట్టి ఎవరికీ బరువనిపించేది కాదు. 2012లో సరిహద్దుకు ఇటువైపు పోర్చుగల్ ఆ కాసెరెస్ దారిని మూసేయడంతో రైలును ఉత్తరాన సాలమాంకా మీదుగా తిప్పారు. 2020 మార్చిలో కోవిడ్ వచ్చి దాన్ని ఆపేశారు. విమానాలు తిరిగి ఎగిరాయి, బస్సులు తిరిగి నడిచాయి, ఆ రైలు మాత్రం తిరిగి రాలేదు. 1887 నుంచి లిస్బన్‌ను ఫ్రాన్స్ సరిహద్దుతో కలిపిన సుద్ ఎక్స్‌ప్రెస్ రైలు కూడా అప్పుడే ఆగి, అలాగే మాయమైంది.

కష్టమైన ఈ దారిన నేను పగటిపూట వెళ్ళాను. లిస్బన్ నుంచి ఎంత్రొంకామెంతు జంక్షన్ దాకా మామూలు ఎలక్ట్రిక్ రైలు, బాగానే పోతుంది. అక్కడ దిగి బదాహోస్ వైపు వెళ్ళే చిన్న డీజిల్ బండి ఎక్కాలి. నేను వెళ్ళిన నాటికి అది రోజుకు ఒక్కటే. అది తప్పితే మరునాడే. టేగస్ నది మధ్యలో రాతి దిబ్బ మీద ఉన్న అల్మొరోల్ కోటను దాటుకుని, అబ్రాంతిష్ తర్వాత బండి నదిని వదిలి అలెంతేజు మైదానంలోకి తిరుగుతుంది. అక్కడి నుంచి గంటలకొద్దీ బెరడు చెట్లే. సీసా బిరడాలు చేసే బెరడును ఈ చెట్ల నుంచే ఒలుస్తారు. ఒలిచిన ఒక్కో మొద్దు మీదా తెల్లరంగుతో ఒక అంకె రాసి ఉంటుంది. అది బెరడు ఒలిచిన సంవత్సరంలోని చివరి అంకె. మళ్ళీ తొమ్మిదేళ్లు గడిచే దాకా ఆ చెట్టు జోలికి పోకూడదని దాని భావం. బండి ఎంత నెమ్మదిగా పోతుందంటే ఆ అంకెలను కిటికీలోంచి తీరిగ్గా చదువుకోవచ్చు. కొన్ని చెట్ల వరుసల్లో 3, తర్వాతి తోటలో 8, ఇంకోచోట 1. కరెంటు స్తంభాల మీద కొంగల గూళ్లు. అందమైన దారి, కాదనను. కానీ పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ బదాహోస్ ఆసుపత్రిలో చుట్టాన్ని చూసి అదే రోజు తిరిగి ఇంటికి వెళ్ళడానికి ఈ టైంటేబుల్ కుదరదని చెప్పినప్పుడు, ఆ అందం కిటికీ అవతలి మాట మాత్రమేనని అర్థమైంది.

బదాహోస్‌లో దిగగానే గడియారం ఒక గంట ముందుకు దూకుతుంది. 1940లో నియంత ఫ్రాంకో ప్రభుత్వం స్పెయిన్ గడియారాన్ని మధ్య ఐరోపా కాలమానానికి మార్చింది, ఆ తర్వాత వెనక్కి తిప్పలేదు. పోర్చుగల్ 1992లో అదే కాలమానం పెట్టుకుని చూసి, నాలుగేళ్లకు తిరిగి పాత కాలమానానికి వెళ్ళిపోయింది. కాబట్టి తూర్పుకు వెళ్ళేటప్పుడు ప్రయాణం కాగితం మీద ఇంకో గంట పొడవవుతుంది, పడమరకు వచ్చేటప్పుడు గంట తగ్గుతుంది. మాడ్రిడ్‌లో ఏడింటికి బయలుదేరిన విమానం లిస్బన్‌లో ఏడూ ఇరవైకో, ఏడున్నరకో దిగినట్టు టికెట్ మీద కనిపించడానికి కారణం ఇదే. ఎగిరే సమయం మాత్రం గంటా ఇరవై నిమిషాల చిల్లర.

మరి హైస్పీడ్ మార్గం ఎందుకు రాలేదు? ఎవరూ అనుకోక కాదు. 2003 నవంబరులో పోర్చుగల్‌లోని ఫిగైరా ద ఫోష్‌లో జరిగిన శిఖరాగ్ర సమావేశంలో స్పెయిన్ ప్రధాని అస్నార్, పోర్చుగల్ ప్రధాని దురావు బరోజు కలిసి రెండు దేశాలను కలిపే నాలుగు హైస్పీడ్ మార్గాలకు ఒప్పుకున్నారు. వాటిలో లిస్బన్–మాడ్రిడ్ మార్గానికి పెట్టుకున్న గడువు 2010. అంటే బార్సిలోనా మార్గం తెరిచిన రెండేళ్లకే ఇదీ తెరవాలి. 2009 పోర్చుగల్ ఎన్నికల్లో ఈ రైలే పెద్ద వివాదమైంది. 2010లో సరిహద్దు వైపు భాగానికి కాంట్రాక్టు మీద సంతకాలయ్యాయి. మరుసటి ఏడాది పోర్చుగల్ అప్పుల్లో మునిగి 7,800 కోట్ల యూరోల అంతర్జాతీయ సహాయం తీసుకోవలసి వచ్చింది. 2012లో కొత్త ప్రభుత్వం ప్రాజెక్టును రద్దు చేసింది. ఆ సంవత్సరాల్లో జీతాలు, పింఛన్లు కోసిన దేశం రైలు మార్గం కట్టలేకపోయిందంటే నేను తప్పు పట్టను. నా అభ్యంతరం ఆ తర్వాతి పదేళ్ల మీద. డబ్బు లేనప్పుడు కొత్త మార్గం ఆపడం ఒక సంగతి, ఉన్న పట్టాల మీద నడుస్తున్న రైలును కూడా పోనివ్వడం మరో సంగతి.

సరిహద్దుకు అవతల పరిస్థితి ఇంతకంటే మెరుగని అనుకోనక్కర్లేదు. దాదాపు 4,000 కిలోమీటర్ల హైస్పీడ్ మార్గాలతో ఐరోపాలో మొదటి స్థానంలో ఉన్న స్పెయిన్‌లోనే, లిస్బన్ దారిలో పడే ఎస్త్రెమదూరా ప్రాంతానికి ఏళ్ల తరబడి కరెంటు తీగలు కూడా లేని రైలు మార్గమే దిక్కయింది. 2017 నవంబరులో అక్కడి ప్రజలు బస్సుల్లో తరలివచ్చి మాడ్రిడ్ నడిబొడ్డున, గౌరవప్రదమైన రైలు కావాలంటూ నిలబడ్డారు. 2019 కొత్త సంవత్సరం రోజున బదాహోస్ నుంచి మాడ్రిడ్ వెళ్ళే బండి దారిలో చెడిపోయి ప్రయాణికులు చలిలో, చీకట్లో గంటల తరబడి ఉండిపోవడం దేశమంతా చూసింది. ఎట్టకేలకు 2022 జూలైలో ప్లాసెన్సియా–బదాహోస్ మధ్య కొత్త మార్గం తెరిచారు, 2023 చివరికి కరెంటు వచ్చింది. కానీ ప్లాసెన్సియా నుంచి మాడ్రిడ్ దాకా తలవెర మీదుగా ఇంకా పాత దారే. తొలేదో నగరం దగ్గర కొత్త మార్గం ఎటు పోవాలన్న తగువు ఏళ్లుగా తెగలేదు. అందువల్ల బదాహోస్ నుంచి మాడ్రిడ్‌కు ఇప్పటికీ నాలుగు గంటలు దాటుతుంది.

ఈ వాదన విన్నవారు సాధారణంగా రెండు మాటలు అడుగుతారు. మొదటిది విమానం. రోజూ డజన్ల కొద్దీ విమానాలు తిరుగుతున్నప్పుడు ఎవరికి లోటని. ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి లెక్కిస్తే ఆ గంటా ఇరవై నిమిషాలు నాలుగు గంటలవుతుంది, ఆ మాట అలా ఉంచుదాం. లిస్బన్ విమానాశ్రయం ఊరి మధ్యలో ఇళ్ల కప్పుల మీదుగా విమానాలు దిగే చోటు. అది కిక్కిరిసిపోయిందని, అల్కొషెత్‌లో కొత్తది కట్టాలని 2024 మేలో ప్రభుత్వమే నిర్ణయించింది. రైల్లో పోగలిగినవారి కోసం ఆ రన్‌వే మీద చోటు ఖర్చు చేయడం ఏ లెక్కన పొదుపు? ఫ్రాన్స్ 2023లో రెండున్నర గంటల్లోపు రైలుంటే ఆ దారిలో దేశీయ విమానాలు నడపకూడదని చట్టం అమలు చేసింది. అలాంటి చట్టం మంచిదా కాదా అని చర్చించే అర్హత కూడా లిస్బన్–మాడ్రిడ్ దారికి లేదు, ప్రత్యామ్నాయమే లేదు కనుక. అన్నింటికీ మించి, విమానం రెండు చివరలనే కలుపుతుంది. ఎవురా, ఎల్వష్, బదాహోస్, మెరిదా, కాసెరెస్ మీదుగా అది ఎగిరిపోతుంది. పక్క సీట్లోని ఆ పెద్దావిడకు అది ఎన్నటికీ పనికిరాదు.

రెండో మాట జనసాంద్రత. బార్సిలోనా దారిలో సరగోసా వంటి మహానగరం ఉంది, లిస్బన్ దారిలో ఎస్త్రెమదూరా అంతా కలిపినా పది లక్షల చిల్లర జనాభానే, అంత ఖర్చు గిట్టుబాటు కాదని. ఇందులో నిజం ఉంది. గంటకు 300 కిలోమీటర్ల మార్గమే కావాలని నేను పట్టుబట్టను. అయితే రెండు చివరల్లోనూ ఉన్నవి ముప్పై లక్షలు, అంతకు రెట్టింపు జనం ఉండే మహానగర ప్రాంతాలు. వాటి మధ్య రోజంతా తిరిగే విమానాలే గిరాకీకి సాక్ష్యం. గిరాకీ లేదంటూనే రోజుకు అన్ని విమానాలు నింపుతున్న దారి గురించి మాట్లాడుతున్నాం.

పైకి ఎవరూ గట్టిగా చెప్పని మూడో కారణం కూడా ఒకటుంది. పోర్చుగల్‌లో మాడ్రిడ్ అంటే పాత జంకు. 1580 నుంచి 1640 దాకా స్పెయిన్ రాజుల కింద ఉన్న జ్ఞాపకం ఇక్కడి బడి పాఠాల్లో ఇంకా వేడిగానే ఉంది. స్పెయిన్ నుంచి మంచి గాలీ రాదు, మంచి సంబంధమూ రాదని సామెత. మాడ్రిడ్‌కు మూడు గంటల రైలు పడితే లిస్బన్ దాని శివారైపోతుందని భయపడేవారు నా సహోద్యోగుల్లోనూ ఉన్నారు. వారి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయినా రాజధానికి రాజధాని దగ్గరైతే చిన్నది పెద్దదానిలో కలిసిపోతుందని చెప్పడానికి ఆధారం నాకు కనబడలేదు. పారిస్‌కు గంటన్నర దూరంలోకి వచ్చినంత మాత్రాన బ్రస్సెల్స్ పారిస్ శివారు కాలేదు.

గేజ్ వేరు కాబట్టి కుదరలేదేమో అని మన వాళ్లు చాలామంది ఊహిస్తారు. అదీ కాదు. స్పెయిన్, పోర్చుగల్ రెండింటి పాత మార్గాలూ 1,668 మిల్లీమీటర్ల వెడల్పువే. మన బ్రాడ్ గేజ్ 1,676. తేడా ఎనిమిది మిల్లీమీటర్లు. అందుకే 2016లో స్పెయిన్ నుంచి తెచ్చిన టాల్గో కంపెనీ రైలు పెట్టెలను మన దేశంలో ఢిల్లీ–ముంబయి దారిలో పరీక్షగా నడపగలిగారు. స్పెయిన్ హైస్పీడ్ మార్గాలకు మాత్రమే 1,435 మిల్లీమీటర్ల గేజ్, కొత్తగా సరిహద్దు వైపు వేసిన పట్టాలకు మాత్రం రెండు దేశాలూ పాత వెడల్పే ఉంచాయి. అంటే ఈ రోజు కూడా లిస్బన్ పట్టాలు, బదాహోస్ పట్టాలు ఒకే కొలతలో అతుక్కునే ఉన్నాయి. అడ్డు పడేవి సిగ్నల్ వ్యవస్థలు, ఇంజన్ల అనుమతులు, రెండో దేశంలో నడపడానికి డ్రైవర్లకు కావలసిన శిక్షణ, నష్టం వస్తే ఎవరు భరించాలన్న పంచాయితీ. మొదటి మూడింటినీ లుసితానియా రైలు దశాబ్దాల పాటు దాటుకుంటూనే నడిచింది.

హైదరాబాదు నుంచి బెంగళూరు కూడా నేరుగా కొలిస్తే సరిగ్గా ఈ 500 కిలోమీటర్లే. కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్ వందే భారత్ ఎనిమిదిన్నర గంటలు తీసుకుంటుంది. వేగంలో గొప్ప చెప్పుకోవడానికేమీ లేదు. కానీ అది తెలంగాణలో బయలుదేరి, కర్నూలు, అనంతపురం మీదుగా ఆంధ్రప్రదేశ్ దాటి కర్ణాటకలో ఆగుతుంది. కర్నూలు దగ్గర దిగి రైలు మారమని, అవతలి రాష్ట్రం టికెట్ విడిగా కొనుక్కోమని ఎవరూ అనరు. రైల్వే ఒకటి కావడం వల్ల ఆ ప్రశ్నే పుట్టదు. ఒకే మార్కెట్, ఒకే కరెన్సీ, 1995 నుంచి పాస్‌పోర్టు తనిఖీ లేని సరిహద్దు ఉన్న ఐరోపాలో ఆ ప్రశ్న ఇంకా పుడుతూనే ఉంది.

ఇది స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ఐబీరియా ద్వీపకల్పానికే పరిమితమైన జబ్బు కూడా కాదు. ఐరోపా సమాఖ్య ఆడిటర్లు 2018లో ఇచ్చిన నివేదికలో ఐరోపా హైస్పీడ్ వ్యవస్థను ఒక నెట్‌వర్క్‌గా ఒప్పుకోలేదు. ఏ దేశానికాదేశం కట్టుకున్న ముక్కలను అతుకులేసినట్టుందని తేల్చారు. స్పెయిన్, ఫ్రాన్స్ మధ్య పిరనీస్ కొండల కింద తవ్విన 8 కిలోమీటర్ల సొరంగమే అందుకు నిదర్శనం. అది సిద్ధమయ్యేసరికి స్పెయిన్ వైపు మార్గం తయారుకాలేదు. బార్సిలోనా దాకా పట్టాలు కలిసింది 2013 జనవరిలో. ఈలోగా అప్పులు పేరుకుపోయి, దాన్ని కట్టి నడుపుతున్న కంపెనీ చివరకు దివాలా తీసింది.

2025 అక్టోబరులో ఐరోపా కమిషన్ ఒక నిర్ణయం ప్రకటించింది. దాని ప్రకారం లిస్బన్–మాడ్రిడ్ మధ్య 2030 నాటికి దాదాపు ఐదు గంటల్లో, 2034 నాటికి దాదాపు మూడు గంటల్లో నేరుగా వెళ్ళే రైలు రావాలి. 2030లో స్పెయిన్, పోర్చుగల్, మొరాకో కలిసి ఫుట్‌బాల్ ప్రపంచ కప్ నిర్వహిస్తున్నాయి కాబట్టి ఆ తేదీకి రాజకీయ బలం కూడా తోడైంది. ఎవురా–ఎల్వష్ మధ్య కొత్త మార్గం ప్రధానంగా సరుకు రవాణా కోసమే కట్టినా, ప్రయాణికుల రైళ్లకు అది పెద్ద ఊతం. నేను ఈ నిర్ణయాన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. అయితే 2010 అన్న గడువును ఇలాగే విన్న దేశంలో ఉంటున్నాను కనుక, ప్రకటనలోని తేదీల కంటే రెండు పనులను కనిపెట్టుకుని ఉంటాను. ఒకటి, మాడ్రిడ్ నుంచి తలవెర అవతలి ఒరోపెసా దాకా కట్టవలసిన మార్గానికి టెండర్లు ఎప్పుడు పిలుస్తారన్నది. రెండోది, లిస్బన్ దగ్గర టేగస్ మీద రావలసిన కొత్త వంతెనకు నిధులు ఏ ఏడాది బడ్జెట్‌లో చేరుస్తారన్నది. ఈ రెండూ లేకుండా మూడు గంటల ప్రయాణం సాధ్యం కాదు.

అంతవరకూ చేతులు ముడుచుకుని కూర్చోవాలా? డీజిల్‌తోనూ కరెంటుతోనూ నడిచే రైళ్లు స్పెయిన్ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. వాటిలో ఒకదానికి పోర్చుగల్ అనుమతులు సంపాదించి, రోజుకు ఒక్కటైనా లిస్బన్ నుంచి మాడ్రిడ్ దాకా మారకుండా పోయే పగటి బండి పెట్టడానికి కొత్త పట్టాలు అక్కర్లేదు. అది ఏడు గంటలు తీసుకున్నా సరే. ఆ బండికి ఒకే టికెట్ ఉండాలి. విడివిడిగా కొన్న టికెట్లతో వెళుతున్నప్పుడు మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఇవాళ ఆ నష్టం ప్రయాణికుడిదే. బండి ఎల్వష్‌లో, బదాహోస్‌లో, మెరిదాలో, కాసెరెస్‌లో ఆగాలి. ఉదయం వెళ్ళినవారు సాయంత్రానికి సరిహద్దు దాటి తిరిగి రాగలిగేలా దాని వేళలు ఉండాలి. నష్టం వస్తే రెండు ప్రభుత్వాలూ సగం సగం భరించేలా ముందే రాతకోతలు పూర్తిచేయాలి. లుసితానియా ఆగిన నాటి నుంచి ఇరు దేశాల ప్రధానులు ఎన్నోసార్లు శిఖరాగ్ర సమావేశాల్లో కూర్చున్నారు. వచ్చే సమావేశం ఎజెండాలో 2034 నాటి మార్గంతో పాటు వచ్చే డిసెంబరు టైంటేబుల్‌లో చేర్చగలిగే ఈ ఒక్క బండిని కూడా పెట్టమని అడుగుతున్నాను.